నల్లపులిని చూసి మురిసిపోకండి

బారిపదా దగ్గర నల్లపులుల సఫారీ పెడతామని ఒడిశా ప్రభుత్వం 2024 జనవరిలో ప్రకటించింది. శ్రీకాకుళం జిల్లాలోని మా మందస నుంచి నందన్‌కానన్ జూకి విహారయాత్రలు మామూలే. రేపు ఆ సఫారీకీ బస్సులు కట్టుకుని పోతాం. పోదాం, కానీ ఆ నలుపు ఎక్కడిదో తెలుసుకుని పోదాం.

మా జీడితోటల్లోకి దిగే ఎలుగు నలుపు దాని జాతి రంగు. చిరుతల్లో అప్పుడప్పుడూ నల్లవి పుడతాయి. వెలుగులో చూస్తే ఆ నలుపు కిందే మచ్చలు కనిపిస్తాయి. మయూర్‌భంజ్ జిల్లా సిమిలిపాల్ అడవిలోని నల్లపులుల సంగతి వేరు. వాటి చారలే వెడల్పై ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. బెంగళూరులోని ఎన్‌సీబీఎస్ పరిశోధన సంస్థకు చెందిన ఉమా రామకృష్ణన్ బృందం 2021లో దీని గుట్టు విప్పింది. టాక్‌పెప్ అనే జన్యువులో ఒకే ఒక్క మార్పు. అది తల్లి నుంచీ తండ్రి నుంచీ వస్తేనే పిల్ల నల్లగా పుడుతుంది.

వేరే అడవుల్లో కనపడనిది సిమిలిపాల్‌లో మామూలైంది. 2022 గణన ప్రకారం అక్కడ 16 పులులుంటే 10 నల్లవే. ఉన్నవి కొన్ని, బయటి పులి వచ్చే దారి లేదు, వాటిలో అవే జతకడుతున్నాయి. తరతరాలుగా మేనరికాలు చేసుకున్న ఇంట్లో లాగే, పైకి కనిపించే రంగు వెనక కనపడని లోపాలూ పేరుకుంటాయన్నదే అసలు భయం.

అందుకే 2024 చివర్లో మహారాష్ట్రలోని తాడోబా నుంచి జమున, జీనత్ అనే ఆడపులుల్ని సిమిలిపాల్‌కి తెచ్చారు. జీనత్ జార్ఖండ్ మీదుగా పశ్చిమ బెంగాల్ దాకా నడిచిపోతే, మత్తుమందిచ్చి పట్టి తేవాల్సి వచ్చింది.

ఇంచుమించు ఆ రోజుల్లోనే మన శ్రీకాకుళం జిల్లాలో పులి తిరుగుతోందని అటవీశాఖ హెచ్చరించింది. చీకటి పడితే తోటల వైపు పోవడానికి అందరం జంకాం. ఆ భయం నాకూ ఉంది. అయినా ఒక అడవి నుంచి ఇంకో అడవికి పులి నడిచిపోతేనే దాని జాతి నిలుస్తుంది. సిమిలిపాల్ పులులకు కరువైంది ఆ నడకే.

కాబట్టి ఆంధ్ర, ఒడిశా ప్రభుత్వాలు రెండూ సఫారీల కంటే ముందు మహేంద్రగిరి లాంటి కొండల వెంట మిగిలిన అడవిని ముక్కలు కాకుండా చూడాలి. పులి వల్ల పశువు పోయిన రైతుకి తిప్పుకోకుండా వారంలోగా పరిహారం ఇవ్వాలి. చేతికి డబ్బు అందిన రైతు పులిని చంపాలని కళేబరం మీద విషం చల్లడు.