రాళ్లేరుకొనుట చదువగునా?

గత సంవత్సరము మా తరగతి బాలుడొకడు ఏటి ఒడ్డున దొరకిన రాతిముక్క నొకదానిని తెచ్చి మా బల్లపై నుంచెను. దానిపై చెట్టు బెరడునకు వలె చారలు కలవు. చేత బట్టిన మాత్రము రాతి బరువే. "అయ్యవారూ, ఇది కట్టెయా, రాయియా?" అని అడిగెను. ఒకనాటి కట్టె, నేటి రాయి యని చెప్పితిమి. ఇట్టివాటిని గూర్చిన చదువే చదివెదనని వాడు ఇంట చెప్పగా, "రాళ్లేరుకొనుటకా నిన్ను బడికి పంపినది?" అని తండ్రి కోపగించెనట. ఆ తండ్రిని మేము తప్పుపట్టము. రెక్కల కష్టముతో బిడ్డను చదివించువానికి ఆ ప్రశ్న అడుగు హక్కు కలదు. దానికి సమాధానము చెప్పుట మా విధి.

ఆ చదువు పేరు పురాజీవశాస్త్రము. రాతిపొరలలో నిలిచిన ఎముకలు, గవ్వలు, ఆకుల అచ్చులు మొదలగు శిలాజములను పరిశీలించి, ఏ కాలమున ఏ జీవులుండెనో, నాటి నేల, నీరు, వాతావరణము ఎట్టివో నిర్ణయించుట దీని పని. శిలాజము ఏ పొరలో నున్నదో తెలియనిచో దాని సాక్ష్యము సగము పోవును. అందువలననే ఆ రాతిని దొరకిన చోటనే ఉంచి రమ్మని బాలునకు చెప్పితిమి.

ఈ శాస్త్రము మనకు పరాయిది కాదు. మన సిరోంచ సమీపమున ప్రాణహిత ఒడ్డున నున్న కోట గ్రామము పేరనే ఇచటి జురాసిక్ యుగపు శిలలను ప్రపంచ శాస్త్రజ్ఞులు వ్యవహరింతురు. ఈ శిలలలో దొరకిన మహాకాయునకు 1975లో బరపాసారస్ టాగోరై అని నామకరణము జరిగినది. బంగాళీ భాషలో 'బరపా' యనగా పెద్దకాలు. త్రవ్వకములు సాగిన 1961 రవీంద్రుని శతజయంతి వత్సరమగుటచే ఆ మహాకవి పేరు చేరినది. ఏటి కావలి యామన్‌పల్లి పేరు 1988లో కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అను మరియొక జంతువునకు దక్కినది.

మేము ఉపాధ్యాయ శిక్షణకై పొరుగు రాష్ట్రమునకు పోయిన దినములలో హైదరాబాదు బిర్లా విజ్ఞాన ప్రదర్శనశాలలో ఈ కోటాసారస్ ఎముకలగూడును చూచితిమి. మా ఏటి ఒడ్డు గ్రామము పేరు అచట చదివి గర్వించితిమి; ఆ సంగతి మా బడిలో ఎన్నడును వినలేదే యని సిగ్గును పడితిమి. ఆ కొరత మా విద్యార్థులకు ఉండరాదు.

ఇక మార్గము. మన దేశమున పురాజీవశాస్త్రమునకు ప్రత్యేక పట్టము అరుదు. పన్నెండవ తరగతి విజ్ఞానశాఖలో ఉత్తీర్ణులై, బి.ఎస్సి.లో భూగర్భశాస్త్రము తీసికొని, ఎం.ఎస్సి.లో దానినే కొనసాగింపవలెను. నాగపురమునను, ఉస్మానియాయందును ఈ శాఖలు కలవు. పరిశోధన కోరువారు పిదప పిహెచ్.డి. చేయుదురు. జీవశాస్త్రమునందును, గణితమునందును గట్టి పునాది వలయును.

ఉద్యోగముల మాట దాచక చెప్పుదుము. కేవలము పురాజీవశాస్త్రజ్ఞులకే యున్న పదవులు కొద్ది. లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థ, కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్, విశ్వవిద్యాలయములు, ప్రదర్శనశాలలు - ఇట్టి చోట్ల ప్రవేశము కష్టసాధ్యము. కాని భూగర్భశాస్త్రపు వాకిలి విశాలమైనది. 1851లో స్థాపింపబడిన భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థకు యూనియన్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ పరీక్ష ద్వారా ఎం.ఎస్సి. పట్టభద్రులను ఎన్నుకొందురు. చమురుబావులు త్రవ్వునపుడు పైకివచ్చు రాతిపొడిలోని సూక్ష్మశిలాజములను బట్టి పొరల వయస్సు నిర్ణయింతురు, కనుక ఓ.ఎన్.జి.సి. వంటి సంస్థలకు ఈ విద్య అక్కరకు వచ్చును. బొగ్గుగనులు, భూగర్భజల శాఖలు, అధ్యాపకవృత్తి వేరుగా నున్నవి. కావున శిలాజములయందు ప్రేమ, భూగర్భశాస్త్రమునందు పట్టు - రెండును కలవాడు పస్తులుండడని మా నమ్మకము.

తెలుగు బడిలో చదివిన పిల్లలు ఇంత దూరము పోగలరా యని కొందరు తల్లులు మమ్ము అడుగుచుందురు. పై చదువు ఇంగ్లీషులోనే సాగునన్నది నిజము. దానికై ఎనిమిదవ తరగతి నుండియే శ్రమింపవలెను. అయితే "పొర" యనగా నేమో, "ఒండ్రు" ఎట్లు పేరుకొనునో తల్లిభాషలో కన్నులార చూచి గ్రహించిన బాలునకు, ఇంగ్లీషు పేరు తరువాత నేర్చుట భారము కాదు. అర్థము గాని పేరును వల్లించుటయే భారము.

తలిదండ్రులారా! బిడ్డలందరిని ఈ దారి పట్టింపుడని మేము కోరము. వైద్యవిద్యయు, ఇంజనీరింగును మంచివే. కాని మీ బిడ్డ రాయి తెచ్చి ప్రశ్న అడిగినపుడు గద్దింపకుడు. ఒక్కసారి దానిని చేతికి తీసికొని చూడుడు. విద్యార్థులారా! దేశదేశముల పండితులు మన ఏటి ఒడ్డునకు వచ్చి చదివిపోయిరి. ఆ చదువులో మన ఊళ్ల పేర్లు మిగిలినవి. ఇక మన ఊరివారి పేరు చేరవలసియున్నది.