చీరల ఎగ్జిబిషన్‌కు వెళ్లిన సహోదరి, కోటు వేసుకున్న కాపరి

ధ్యానభాగం: యాకోబు 2:1-4



ముందుగా మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మొన్న ఆషాఢం తగ్గింపు అమ్మకాల రోజుల్లో, ఒక ఆదివారం మేము యెషయా 3వ అధ్యాయం మీద ప్రసంగించాం. సీయోను కుమార్తెల నగలు, పైటలు, అద్దాలు వరుసగా చదివి, "ఈ కాలపు సీయోను కుమార్తెలను చూడాలంటే బెజవాడ చీరల ఎగ్జిబిషన్‌కు వెళ్లండి" అన్నాం. సంఘం నవ్వింది. మేము ఎవరి పేరూ చెప్పలేదు, చెప్పాల్సిన పని కూడా లేకపోయింది. తలలన్నీ స్త్రీల వైపు మూడో వరుసలో కూర్చునే ఒక అమ్మాయి మీదికి తిరిగాయి. ఆ తర్వాత మూడు ఆదివారాలు ఆ చోటు ఖాళీగా ఉంది.

ఆ అమ్మాయికి బట్టలంటే ఇష్టమని ఊరందరికీ తెలుసు. డిగ్రీ చదివి, ఒక ప్రైవేటు స్కూలు ఆఫీసులో లెక్కలు రాస్తుంది. రెండో శనివారం సెలవు వస్తే బస్సెక్కుతుంది. ఒక నెల మంగళగిరి, ఒక నెల బెజవాడ, ఒక నెల గుంటూరులో ఏదో కల్యాణ మండపంలో పెట్టిన చేనేత అమ్మకం. తిరిగొచ్చి ఆదివారం కొత్తగా కట్టుకొస్తుంది. "శనివారం షాపింగు, ఆదివారం ఫ్యాషన్ షో" అని పెద్దలు కొందరు మా దగ్గర గొణిగారు. మేము విచారించకుండానే ఆ గొణుగుడును తీసుకుని ప్రసంగం చేసేశాం.

మూడో ఆదివారం సాయంత్రం మేమూ అమ్మగారూ వాళ్లింటికి వెళ్లాం. ఆ అమ్మాయి మంచం వాల్చి కూర్చోమంది. టీ ఇచ్చింది. చివరికి ఒకే ఒక్క మాట అడిగింది: "అయ్యగారూ, నాకు బట్టలంటే పిచ్చే. కాదనను. కానీ నేను ఎక్కడికి వెళ్తానో, ఏం చేస్తానో మీరు ఒక్కసారైనా అడిగారా?"

అడగలేదు. అందుకే ఆగస్టు రెండో శనివారం ఆమె వెళ్లే బస్సే మేమిద్దరమూ ఎక్కాం.

మొదట మంగళగిరిలో దిగాం. ఆమె పెద్ద షోరూముకు తీసుకెళ్లలేదు. ముందు గదిలో నాలుగు అల్మారాల చీరలు, వెనక గదిలో గుంట మగ్గం ఉన్న ఇంటికి తీసుకెళ్లింది. నేతగాడు నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టి కూర్చుని నేస్తాడు. ముందు రోజు వాన పడింది. గుంటలోకి నీళ్లొస్తే పని ఆగిపోతుందట. ఆ ఇంటాయన చెంబుతో నీళ్లు తోడుతున్నాడు. ఆ అమ్మాయి చెప్పులు విప్పి లోపలికి వెళ్లి, "బాబాయ్, అమ్మమ్మకు నొప్పులెలా ఉన్నాయి?" అని అడిగింది. పడుగేదో పేకేదో మాకు చూపించింది. మంగళగిరి చీరకు ఒంటి మీద పెద్ద పనితనం ఉండదని, అందమంతా అంచులోనూ నేత బిగువులోనూ ఉంటుందని వివరించింది. ఒక చీరకు మీకు ఎంత గిడుతుందని మేము ఆయన్ను అడిగాం. ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు ఇంకా మమ్మల్ని వదల్లేదు.

మధ్యాహ్నం బెజవాడ వెళ్లాం. ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవం. 1905లో అదే రోజున కలకత్తాలో స్వదేశీ ఉద్యమం మొదలైంది కాబట్టి 2015 నుంచి దాన్ని పాటిస్తున్నారు. ఆ వారంలో పెట్టిన ఎగ్జిబిషన్ అది. పోచంపల్లి, ఉప్పాడ, వెంకటగిరి, చీరాల పేర్లతో బల్లలు వరుసగా ఉన్నాయి. సాయంత్రం కాలేజీ అమ్మాయిలు చేనేత చీరలు కట్టుకుని వేదిక మీద నడిచారు. మేము సిగ్గుతో తల దించుకోవాల్సి వస్తుందేమోనని సిద్ధపడి కూర్చున్నాం. అక్కడ అలాంటిదేమీ కనబడలేదు. కనబడిన లోపం వేరు. చీర కట్టినవారికి చప్పట్లు కొట్టారు, చీర అమ్మినవారికి శాలువా కప్పారు. నేసినవాళ్లు హాలు చివర బల్లల వెనక నిలబడే ఉన్నారు. వారిని వేదిక మీదికి ఎవరూ పిలవలేదు. ఆ మాట మాకంటే ముందు అన్నది ఆ అమ్మాయే. మేము ఫ్యాషన్ పిచ్చి అని పేరు పెట్టిన కళ్లకు ఆ అన్యాయం కనబడింది. సెమినరీలో చదివిన మా కళ్లు అప్పటిదాకా పైట కొలుస్తూ కూర్చున్నాయి.

చీకటి పడే వేళ బీసెంట్ రోడ్డులో ఒక బండి దగ్గర పోచంపల్లి అని చెప్పి అమ్ముతున్న చీరను ఆమె మాకు తిరగేసి చూపించింది. పైన రంగులు మెరుస్తున్నాయి, వెనక వెలవెలబోతున్నాయి. "ఇది ప్రింటు అయ్యగారూ. అసలు ఇక్కత్‌లో నూలుకు ముందే రంగులద్ది తర్వాత నేస్తారు. అందుకే రెండు వైపులా ఒకేలా ఉంటుంది" అంది. రోజంతా తిరిగి ఆమె కొన్నది ఒక్క జాకెట్టు ముక్క. "చూసినందుకు డబ్బులడగరు కదా" అని నవ్వింది. అన్నిసార్లూ ఇంత నిగ్రహం ఉండదనీ, రెండుసార్లు ఫోనులో తొందరపడి కొని బాధపడ్డాననీ బస్సులో తనే ఒప్పుకుంది. మేము ఆమెను పరిశుద్ధురాలని చెప్పడం లేదు. ఆమె పాపమని మేము ప్రకటించినది పాపం కాదని మాత్రం చెబుతున్నాం.

ప్రియులారా, ఇప్పుడు వాక్యం దగ్గరికి వద్దాం. యెషయా 3లో నగల జాబితా 16వ వచనం తర్వాత వస్తుంది. దానికి ముందు 14, 15 వచనాల్లో దేవుడు వ్యాజ్యెమాడేది ఎవరితో? ప్రజల పెద్దలతో, అధిపతులతో. పేదల నుంచి దోచినది మీ ఇళ్లలోనే ఉందని, దరిద్రుల ముఖాలను నలగగొడుతున్నారని వారిని నిలదీస్తాడు. మేము ఆ రెండు వచనాలు దాటేసి గజ్జెల దగ్గర ఆగాం. పెద్దల మీద చదవాల్సింది వదిలి, ఆడపిల్ల మీద చదివాం. మా ప్రసంగం ప్రింటు చీర. పైకి మెరిసింది, తిరగేస్తే రంగు లేదు.

"అయ్యగారూ, 1 తిమోతి 2:9లో ఖరీదైన వస్త్రాలు వద్దని పౌలు రాశాడు కదా" అంటారు. రాశాడు, మేము దాన్ని కొట్టివేయడం లేదు. 1 పేతురు 3వ అధ్యాయం కూడా అంతరంగపు అలంకారమే గొప్పదంటుంది. అది సత్యం. కానీ తిమోతి పత్రికలో 9వ వచనానికి ముందు 8వ వచనం ఉంది. పురుషులు కోపమూ గొడవా లేకుండా చేతులెత్తి ప్రార్థించాలని అందులో ఉంది. పెద్దల మీటింగులో కుర్చీలు విసురుకున్న సంఘాలు మన చుట్టూ ఎన్ని లేవు? వాటిలో 8వ వచనం మీద ప్రసంగం విన్నవాళ్లు చేయెత్తండి. స్త్రీల వచనం కంఠతా వచ్చిన మనకు పురుషుల వచనం నాలుక మీదికి రాదెందుకు?

ఇక మా సంగతి. మా బీరువాలో మూడు కోట్లున్నాయి. డబ్బు కాదు, తొడుక్కునేవి. మే నెల ఎండలో ఉజ్జీవ సభలకు కోటు వేసుకుని చెమటలు కక్కుతూ వినయం గురించి ప్రసంగిస్తాం. మా చొక్కాకు గంజి తక్కువైతే ఇంట్లో చిరాకు పడతాం. కాపరి ఇస్త్రీ దేవుని ఘనత కోసమూ, అమ్మాయి ఇస్త్రీ లోకం కోసమూ అని ఏ వాక్యంలో ఉంది?

బైబిలు బట్టను ద్వేషించదు. అహరోను వస్త్రాలు అందంగా, గౌరవంగా ఉండాలని దేవుడే చెప్పాడు (నిర్గమ 28). నేతపనికి కావలసిన నేర్పును బెసలేలుకూ అహోలీయాబుకూ ఇచ్చింది ఆయనే (నిర్గమ 35). ఫిలిప్పీలో సువార్తకు తలుపు తెరిచిన లూదియ ఊదారంగు వ్యాపారం చేసే స్త్రీ. యొప్పేలో దొర్కా చనిపోతే విధవరాండ్రు ఏడుస్తూ పేతురుకు చూపించినవి ఆమె కుట్టిన బట్టలు. సిలువ దగ్గర సైనికులు చింపడానికి ఇష్టపడక చీట్లు వేసుకున్నది మన ప్రభువు అంగీ కోసమే. ఎక్కడా అతుకు లేకుండా నేసిన బట్ట అది. దాన్ని నేసిన చేతులెవరివో మనకు తెలియదు. ఆ చేతులకు పని తెలుసు.

ఇంకొకటి మరచిపోవద్దు. మన తాతమ్మల కాలంలో పల్లెల్లో మనవాళ్లు తెల్లగా ఉతికిన బట్ట కట్టుకుని, కాళ్లకు చెప్పులేసుకుని పెద్ద వీధిలో నడిస్తే ఊరుకునేవారు కాదు. తిరువితాంకూరులో క్రైస్తవులైన నాడార్ స్త్రీలు రవిక తొడుక్కునే హక్కు కోసం ఏళ్ల తరబడి దెబ్బలు తిన్నారు. 1859లో గానీ రాజు ప్రకటన రాలేదు, అదీ షరతులతోనే వచ్చింది. ఆదివారం మంచి బట్ట కట్టుకుని మందిరానికి రావడం మనవాళ్లకు డాబు కాదు, దేవుడు మమ్మల్ని మనుషులుగా చేశాడని చెప్పే సాక్ష్యం. ఆ పిల్ల చీరను వెక్కిరించినప్పుడు తెలియకుండానే మేము పాత పెత్తందార్ల భాష మాట్లాడాం.

అయితే బట్టల విషయంలో పాపమే లేదా? ఉంది. దాన్ని మనం వెతికే చోట లేదు.

పోయిన క్రిస్మస్‌కు క్వయర్ స్త్రీలందరూ ఒకే రంగు చీర కట్టాలని కమిటీ తీర్మానించింది. ఆ తీర్మానం మీద సంతకం మాది. ఆ చీర కోసం మిరప కోతకు వెళ్లే ఒక తల్లి పొదుపు గ్రూపులో అప్పు తీసుకుంది. సంక్రాంతి దాటి ఎన్నో రోజులకు గానీ ఆ సంగతి మా చెవిన పడలేదు. గొంతు బాగున్న మరో సహోదరి "ఒంట్లో బాగాలేదు" అని పాటకే రాలేదు. ఆమె ఒంట్లో బాగానే ఉంది, చేతిలో డబ్బు లేదు. ఎగ్జిబిషన్ చూసొచ్చిన పిల్ల ఎవరినీ అప్పుల పాలు చేయలేదు. ఆ పని చేసింది మందిరంలో ప్రార్థనతో మొదలుపెట్టిన కమిటీ. మంచి బట్టవాడిని ముందు కూర్చోబెట్టి మాసిన బట్టవాడిని కింద కూర్చోమనడం గురించి యాకోబు రాసింది ఎగ్జిబిషన్‌కు కాదు, సంఘానికి.

రెండో పాపం చవక మీద మోజు. "అన్ని వేలు పెట్టడమెందుకు, మేము రెండు వందల దాంతో సరిపెట్టుకుంటాం" అని కొందరు భక్తిగా చెబుతారు. లేక చవక బట్ట కట్టుకునేవారిని ఎవరూ తప్పుపట్టరు, మేము అంతకంటే చేయం. కానీ చవక దానంతట అదే భక్తి కాదు. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లోని సావర్‌లో రానా ప్లాజా అనే ఎనిమిది అంతస్తుల భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది బట్టలు కుట్టే కూలీలే. గోడలు బీటలు వారాయని ముందు రోజే తెలిసినా వారిని పనిలోకి పంపారు. కోత కోసినవారి కూలి మొరపెడుతుందని యాకోబు 5:4 చెబుతుంది. కుట్టినవారి కూలి, నేసినవారి కూలి మొరపెట్టదా? బట్ట కొనేటప్పుడు ఎంత తగ్గించావని అడిగే మనం, ఎవరికి తగ్గిందని ఒక్కసారి అడగాలి.

కాబట్టి ఇకనుంచి మన సంఘంలో ఈ నాలుగూ అమలవుతాయి. ఒకటి, ఈ క్రిస్మస్‌కు క్వయర్‌కు ఒకే రంగు చీర ఉండదు. ఎవరికి ఉన్నది వారు ఉతికి కట్టుకుని వచ్చి పాడతారు. రెండు, ఈ వేదిక మీద నుంచి ఏ స్త్రీ బట్టనూ ఎత్తిచూపి ఎవరూ మాట్లాడరు. మేమూ మాట్లాడం. మూడు, అప్పు చేసి బట్ట కొనవద్దని అందరికీ చెబుతాం, ముందుగా మగవాళ్లకూ, మాకూ. నాలుగు, చేనేత కొనగలిగినవారు హ్యాండ్లూమ్ మార్కు చూసి, వీలైతే మగ్గం ఉన్న ఇంటికే వెళ్లి కొనండి. చీర గురించి తెలియకపోతే మూడో వరుసలో ఒక సహోదరి ఉంది, అడగండి.

ఆమె తిరిగి వచ్చింది. వచ్చిన ఆదివారం మేము సంఘమంతటి ముందు క్షమాపణ అడిగాం. వేదిక మీద నుంచి గాయపరచి, ఇంటికి వెళ్లి చాటుగా క్షమించమనడం న్యాయం కాదు. ఆ రోజు ఆమె కట్టుకున్నది మంగళగిరి నూలు చీర, పాతదే. బాగుంది అని అమ్మగారు అన్నారు. మేమూ అన్నాం.

ప్రభువా, మా చూపును సరిచేయుము. ఎదుటివారి బట్టలో కాక మా హృదయంలో ఉన్న మరకను చూపించుము. నేసే చేతులను, కుట్టే చేతులను, కూలికి వెళ్లే చేతులను దీవించుము. నీ సంఘాన్ని రెండు వైపులా ఒకే రంగుతో నేయుము. ఆమేన్.