గాంధారి నిలదీసింది

“ఏ జన్మలో ఏం పాపం చేసుకున్నారో!” బిడ్డను పోగొట్టుకున్న ఇంటికి పరామర్శకు వెళ్తే ఈ మాట ఎవరో ఒకరి నోట వినపడుతుంది. అన్నవాళ్లకు చెడు ఉద్దేశం ఉండకపోవచ్చు. కానీ దేవుడి మీదికి నింద రాకుండా చూడాలని, ఏడుస్తున్న ఆ తల్లినే దోషిని చేసే మాట అది. నేను దేవుణ్ణి నమ్ముతాను. నమ్ముతాను కాబట్టే ఆ మాట నాకు సహించదు.

పెద్దవాళ్లూ ఇలాంటి మాట అన్నారు. 1934 జనవరి 15న బీహార్‌లో భూకంపం వచ్చి వేలమంది చనిపోయారు. అప్పట్లో హరిజన యాత్రలో ఉన్న గాంధీజీ, అంటరానితనమనే పాపానికి ఇది దేవుడు వేసిన శిక్ష అన్నారు. ఆ పాపం నిజం, దాని మీద ఆయన వేదన నిజం. అయినా రవీంద్రనాథ్ టాగూర్ ఊరుకోలేదు. ప్రకృతి ఉత్పాతాన్ని మనుషుల పాపపుణ్యాలకు ముడిపెట్టడం తగదని రాసి పంపారు. గాంధీజీ దాన్ని తన ‘హరిజన్’ పత్రికలోనే వేసి, తన మాట మీదే నిలబడ్డారు. ఈ వాదంలో నేను టాగూర్ పక్షం. భూమి కంపించినప్పుడు అంటరానివాళ్ల ఇళ్లను వదిలేసి కంపించలేదు కదా!

మన దివిసీమనే చూడండి. 1977 నవంబర్ 19 నాటి ఉప్పెనకు దాదాపు పదివేల మంది బలైపోయారని సర్కారు లెక్క. అదంతా దైవలీల అని అప్పుడు అనుకున్నవాళ్లు ఉన్నారు. 1990 మే నెలలో అదే తీరానికి మరో పెనుతుపాను వచ్చింది. ఈసారి ముందే లక్షమందికి పైగా జనాన్ని ఖాళీ చేయించారు. మృతులు వెయ్యి లోపే. అంటే మొదటిసారి పోయినవాళ్లలో ఎందరినో చంపింది వేళకు అందని హెచ్చరిక, తలదాచుకోను గట్టి కప్పు లేని పేదరికం. దేవుడి ఖాతాలో వేసిన దాంట్లో పెద్ద వాటా మనదే.

అంతా మనదే అనడానికీ లేదు. ఆ మిగిలినదే గొంతులో అడ్డుపడుతుంది. మనిషికి స్వేచ్ఛ ఇచ్చాక చెడు తప్పదంటారు. హంతకుడి విషయంలో ఒప్పుకుంటాను, ఉప్పెనకు ఏ స్వేచ్ఛ ఉంది? కష్టాలు మనిషిని రాటుదేలుస్తాయంటారు. బతికి బయటపడ్డవాడికి సరే, అలలో కొట్టుకుపోయిన పసివాడికో?

ఈ ప్రశ్నను దేవుడి ముఖం మీదే అడిగిన మనిషి మన భారతంలో ఉంది. స్త్రీపర్వంలో గాంధారి వ్యాసుడిచ్చిన దివ్యదృష్టితో యుద్ధభూమిని చూస్తుంది. తన కొడుకుల కోసమే ఏడ్చి ఆగదు. ఉత్తర తన భర్త అభిమన్యుడి ఒంటి మీది కవచం విప్పి, గాయాలను చూసి కుమిలిపోవడం, మిగతా ఆడవాళ్లు ఆమెను పక్కకు లాగడం, అదీ చూస్తుంది. శత్రువుల కోడలి దుఃఖం కూడా ఆమె దుఃఖమే. చివరికి కృష్ణుడి వైపు తిరుగుతుంది. నీకు బలం ఉంది, ఆపగలిగీ ఎందుకు ఉపేక్షించావని నిలదీస్తుంది. ఇప్పటి నుంచి ముప్పై ఆరో ఏట నీ వంశమూ ఇలాగే కొట్టుకుని నశిస్తుందని శపిస్తుంది.

కృష్ణుడు శాపాన్ని తిప్పికొట్టలేదు. చిరునవ్వుతో ఒప్పుకున్నాడు. దుర్యోధనుణ్ణి అదుపులో పెట్టని తప్పు నీదేనని కూడా అన్నాడు, అందులో నిజం ఉంది. కానీ ఉత్తర చేసిన తప్పేమిటి? ఆ ప్రశ్నకు అక్కడ జవాబు లేదు. భారతం దాన్ని కప్పిపుచ్చకుండా వదిలేసినందుకు దాని మీద నా గౌరవం పెరిగింది.

శాపం ఫలించింది. మౌసలపర్వంలో యాదవులు ఒకరినొకరు చంపుకున్నారు. సాంబుడు, ప్రద్యుమ్నుడు, అనిరుద్ధుడు కళ్లముందే కూలిపోతే చూసింది ఆ కృష్ణుడే. గాంధారి అనుభవించిన కడుపుకోత ఏమిటో ఆయనకూ తెలిసింది. తర్వాత అడవిలో ఒంటరిగా, వేటగాడి బాణం పాదానికి తగిలి వెళ్లిపోయాడు.

దివిసీమలో బిడ్డను పోగొట్టుకున్న తల్లికి ఈ కథ చాలుతుందా? చాలదు. చాలుతుందని నేను ఆమెకు చెప్పను కూడా. దేవుణ్ణి తిట్టుకుంటే తిట్టుకోనిస్తాను, పాపం తగులుతుందని ఆపబోను. గాంధారిని ఆయనా ఆపలేదు.