కప్పు కొందరిది, నాట్యం అందరిదీ

పదకొండేళ్ల అబ్బాయినీ, అదే వయసు అమ్మాయినీ ఒకే బెంచీ మీద కూర్చోమంటేనే చెరో కొసకీ జరిగిపోతారు. అలాంటిది ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, మొహంలోకి చూస్తూ, పాటకి తగ్గట్టు అడుగులు వెయ్యమంటే? సిగ్గు, కిసకిసలు, మెలికలు! ఆ మెలికలు తిరిగే పిల్లలే కొన్ని వారాలకి నిటారుగా నిలబడి, తల ఎత్తి, జోడీగా నడిచి వస్తే ఎలా ఉంటుందో చూడాలంటే 'మ్యాడ్ హాట్ బాల్‌రూమ్' చూడాలి.

2005లో వచ్చిన ఈ చిత్రం కల్పించిన కథ కాదు, డాక్యుమెంటరీ. న్యూయార్క్‌లోని ప్రభుత్వ బడుల్లో ఐదో తరగతి పిల్లలు బాల్‌రూమ్ డాన్సు నేర్చుకుని ఊరంతటికీ జరిగే పోటీకి వెళ్లడమే ఇందులో విషయం. దర్శకురాలు మారిలిన్ ఆగ్రెలో, రాసినది ఎమీ స్యూయెల్. ఇద్దరూ ఆడవాళ్లే. పిల్లల మాటల్ని పెద్దవాళ్లు దిద్దకుండా విన్నారు కాబట్టే వచ్చి చాలా ఏళ్లయినా ఈ చిత్రం పాతబడలేదు. అది లేవదీసిన ప్రశ్న కూడా పాతబడలేదు. పిల్లలకి ఒక కళ నేర్పించేది ఎందుకు? నేర్చుకోవడానికా, నెగ్గడానికా?

తరగతి మొత్తానికీ పాఠం

ఈ పాఠాలకి మూలపురుషుడు పియర్ డులేన్ అనే నాట్యాచార్యుడు. తన నాట్య భాగస్వామి ఇవాన్ మార్సోతో కలిసి పోటీల్లోనూ, రంగస్థలం మీదా పేరు తెచ్చుకున్నాక, 1994లో బడి పిల్లలకి నేర్పడం మొదలుపెట్టాడు. దానికి 'డాన్సింగ్ క్లాస్‌రూమ్స్' అని పేరు. పది వారాల శిక్షణ. మెరెంగే, రుంబా, టాంగో, ఫాక్స్‌ట్రాట్, స్వింగ్... ఇవీ చిత్రంలోని పిల్లలు నేర్చుకునే డాన్సులు. చిత్రం తీసేనాటికి అరవై బడుల్లో ఆరువేల మందికి పైగా పిల్లలు నేర్చుకుంటున్నారు.

గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఇది బడి అయ్యాక ఫీజు కట్టి వెళ్లే క్లాసు కాదు. లెక్కలు, సైన్సుల్లాగే బడి వేళలో తరగతి మొత్తానికీ చెప్పే పాఠం. లావుగా ఉన్నవాడు, పొట్టిది, అడుగు తడబడేవాడు, నోరు విప్పని పిల్ల... అందరూ గుండ్రంగా నిలబడాల్సిందే. జోడీలు మారుతుంటాయి కాబట్టి "నేను వీడితో చెయ్యను" అనే మాట చెల్లదు. వాషింగ్టన్ హైట్స్ బడిలో, ఇంగ్లీషు రాని ఒక అబ్బాయి కనిపిస్తాడు. డొమినికన్ రిపబ్లిక్ నుంచి కొత్తగా వచ్చాడు. తరగతిలో మాట్లాడలేని ఆ పిల్లాడు అడుగు వేస్తే చాలు, అందరి చూపూ అతని మీదే! మెరెంగే పుట్టింది వాళ్ల దేశంలోనే మరి. మార్కులు బయటపెట్టలేని తెలివి పిల్లల్లో ఎంత ఉంటుందో అనిపిస్తుంది.

ముట్టుకోవడంలో మర్యాద

నాకు అన్నిటికన్నా నచ్చింది అడుగులు కాదు, అడుగులకి ముందు నేర్పే మర్యాద. ఈ పాఠాల్లో పిల్లల్ని "లేడీస్ అండ్ జెంటిల్‌మెన్" అని పిలుస్తారు. అబ్బాయి మోచెయ్యి అందిస్తే అమ్మాయి దాన్ని పట్టుకుని హాల్లోకి నడుస్తుంది. చెయ్యి ఎక్కడ వెయ్యాలో, ఎంత దూరంలో నిలబడాలో అంతా లెక్కే. పిల్లలు ఇలా చిన్న పెద్దమనుషులుగా మారడం గురించి చెబుతూ ఒక టీచరుకి కెమెరా ముందే కన్నీళ్లొస్తాయి.

మన సంగతి ఆలోచించండి. ఎదిగే పిల్లలకి స్పర్శ గురించి మనం చెప్పేదంతా హెచ్చరికే. "దూరంగా ఉండు", "ముట్టుకోనివ్వకు". చెప్పి తీరాల్సిన మాటలే, కాదనను. కానీ ఎదుటివాళ్లని గౌరవంగా ఎలా ముట్టుకోవాలో మగపిల్లలకి ఎవరు నేర్పుతున్నారు? ఎవరూ నేర్పకపోతే బస్సులో, సినిమా హాల్లో వాళ్లే ఏదో ఒకటి నేర్చుకుంటారు. దాని ఫలితం మనకి తెలియనిది కాదు.

ఈ బెరుకు మనదొక్కటే కాదు. డులేన్ 1944లో జాఫాలో పుట్టాడు. తల్లి పాలస్తీనా ఆవిడ, తండ్రి ఐరిష్. 1948లో ఆ కుటుంబం ఊరు వదిలి వెళ్లాల్సి వచ్చింది. ఎన్నో ఏళ్ల తరవాత ఆయన అక్కడికి తిరిగి వెళ్లి యూదు పిల్లల్నీ, పాలస్తీనా పిల్లల్నీ జోడీలు చేసి నాట్యం నేర్పాడు. దాన్నే హిల్లా మెడాలియా అనే దర్శకురాలు 2013లో 'డాన్సింగ్ ఇన్ జాఫా' అనే డాక్యుమెంటరీగా తీసింది. అక్కడ అబ్బాయి చెయ్యి పట్టుకోవడమే ఒక గండమైతే, అవతలి జాతి వాళ్ల చెయ్యి పట్టుకోవడం ఇంకో గండం.

ఇంత మెచ్చుకున్నా ఒక్కచోట మనసు ఆగుతుంది. బాల్‌రూమ్ సంప్రదాయంలో మగవాడు నడిపిస్తాడు, ఆడది అనుసరిస్తుంది. ఇదేం న్యాయం? చిత్రంలోని ఆడపిల్లలు మాటల్లో మగపిల్లల్ని నాలుగాకులు ఎక్కువే చదివినట్టు కనిపిస్తారు. ఎలాంటి మగవాడు కావాలో వాళ్లకి అప్పుడే తెలుసు. మాదకద్రవ్యాలు అమ్మేవాడు వద్దని ఒక పిల్ల అంటే మనకి నవ్వు రాదు, గుండె కలుక్కుమంటుంది. ఇలాంటి పిల్లలు ఎప్పటికీ వెనకడుగే వెయ్యాలా? సంతోషించాల్సిన సంగతేమిటంటే 2019లో నేషనల్ డాన్స్ కౌన్సిల్ ఆఫ్ అమెరికా తన పోటీ నియమాలు మార్చింది. జోడీ అంటే నడిపించేవారు, అనుసరించేవారు అంతే. ఎవరు ఆడ, ఎవరు మగ అన్న పట్టింపు లేదు.

ఒకే కప్పు, రెండు అర్థాలు

పోటీ దగ్గరికి వచ్చేసరికి అసలు చిక్కు మొదలవుతుంది. తరగతి అంతా నేర్చుకున్నా జట్టులోకి కొందరినే తీసుకోవాలి. ఆ ఏరివేతలో టీచర్లు నలిగిపోతారు. ఓడిన పిల్లల మొహాలు చిన్నబోతాయి, కళ్లు చెమ్మగిల్లుతాయి. "గెలుపోటములు ముఖ్యం కాదు" అని చెప్పే పెద్దవాళ్లే కప్పు బల్ల మీద పెట్టారని పిల్లలకి తెలియదా?

అలాగని పోటీయే వద్దనడానికీ నోరు రాదు. చిత్రంలో ముఖ్యంగా కనిపించే బడులు మూడు. ట్రైబెకా ఉన్నవాళ్ల పేట. బ్రూక్లిన్‌లోని బెన్సన్‌హర్స్ట్‌లో ఇటాలియన్, ఆసియా కుటుంబాల పిల్లలు ఎక్కువ. వాషింగ్టన్ హైట్స్‌లో వలస వచ్చిన పేదలు. ఆఖరికి కప్పు గెలిచింది వాషింగ్టన్ హైట్స్ బడి. ట్రైబెకా పిల్లలకి ఈ కప్పు కాకపోతే రేపు ఇంకోటి దొరుకుతుంది. అడుగడుగునా "మీవల్ల కాదు" అని వినే పిల్లలకి "ఈ ఊరు మొత్తానికీ మీరే ఫస్టు" అనే మాట ఎన్నిసార్లు దొరుకుతుంది? ఆ బడి టీచరు గెలుపు కోసం అంత పట్టుబట్టడం వెనక ఉన్నది ఈ ఆకలే అనిపించింది నాకు.

అంటే చూడాల్సింది పోటీ ఉందా లేదా అని కాదు, పోటీ చదువు తరవాత వచ్చిందా, చదువునే మింగేసిందా అని.

మన టీవీ పోటీలు

ఇక్కడ మన చానళ్లలో పిల్లల డాన్సు పోటీలు గుర్తు రాక మానవు. సినిమాల్లో పెద్దవాళ్లు చేసిన అసభ్యమైన భంగిమల్ని పసిపిల్లల చేత చేయించడం మానుకోవాలని 2019 జూన్‌లో కేంద్ర సమాచార ప్రసార శాఖ చానళ్లకి సూచించాల్సి వచ్చింది. అంతకు ముందే 2017లో బాలకార్మిక చట్టం కింద వచ్చిన నియమాలు పిల్లల చేత రోజుకి అయిదు గంటలకి మించి, విశ్రాంతి లేకుండా మూడు గంటలకి మించి పని చేయించకూడదన్నాయి. వాళ్ల సంపాదనలో కనీసం ఇరవై శాతం వాళ్ల పేరు మీదే బ్యాంకులో వెయ్యాలన్నాయి. నియమాలు కాగితం మీద ఉంటే చాలదు, వాటిని అడిగే తల్లి ఉండాలి.

వేసవి రాగానే పిల్లల్ని డాన్సు క్లాసుకి తీసుకెళ్తాం. "టీవీలోకి పంపిస్తారా?" అన్నదే చాలామంది అడిగే మొదటి ప్రశ్న. దానికి బదులు ఇవి అడిగి చూడండి. అడుగు తడబడే పిల్లకి ఇక్కడ చోటుందా? అబ్బాయిలూ అమ్మాయిలూ ఒకరితో ఒకరు ఎలా మెలగాలో నేర్పుతారా? పోటీ అయిపోయిన మర్నాడు క్లాసు ఉంటుందా?

ఈ మూడింటికీ అవునంటే నిశ్చింతగా చేర్పించండి. కప్పు వస్తే షోకేసులో పెట్టుకుందాం. రాకపోయినా నిటారుగా నడవడం, ఎదుటి మనిషి చెయ్యి మర్యాదగా పట్టుకోవడం వస్తే చాలు. అవి రేపు ఆ పిల్లల సంసారాల్లో పనికొస్తాయి.