విముక్తుడైన సేనాని

క్రొయేషియా సేనాని ఆంటె గొటొవీనా చరిత్రమును వీరగాథగ మాత్రమే చదువువారికి మేమొక మాట విన్నవింపదలచితిమి. యౌవనమున ఫ్రెంచి విదేశీదళమున కొలువు చేసిన యీతడు 1991లో స్వదేశరక్షణకై మరలివచ్చి, పిదప స్ప్లిట్ సైనికమండలమున కధిపతి యయ్యెను. 1995 ఆగస్టు 4న మొదలైన ‘ఒలూయా’, అనగా తుపాను, దండయాత్రలో క్నిన్ పట్టణము మరునాడే వశమయ్యెను. నాలుగేండ్లుగ సెర్బు తిరుగుబాటుదారుల చేతనున్న నేలను విడిపించుకొనుట తప్పని మేమనము. కాని క్రైనా సెర్బులు లక్షన్నరకు పైగా ఇల్లువాకిళ్లు విడిచి పోయిరి. కదలలేక మిగిలిన ముదుసళ్లు పెక్కురు హతులైరి. ఊళ్లకూళ్లు కాలినవి.

హేగులోని యుద్ధనేరముల న్యాయస్థానము 2011లో గొటొవీనాకు 24 ఏండ్ల శిక్ష విధించెను. సైనికలక్ష్యమునకు 200 మీటర్ల కావల పడిన గుండ్లు గురిదప్పినవి కావు, పౌరులపై వేసినవే యని దాని తర్కము. అట్టి కొలతకు ఆధారమే లేదని 2012 నవంబరు 16న అప్పీలు న్యాయమూర్తు లైదుగురును తేల్చిరి. విడుదల విషయమున మాత్రము మువ్వురొక వైపు, ఇరువురొక వైపు చీలిరి. వకీలువృత్తిలో నున్న మాకు కొలతను గూర్చిన మాట న్యాయముగనే తోచుచున్నది. అనుమానముపై శిక్ష కూడదు.

అయినను నాడు జాగ్రెబు వీథులలో జరిగిన యుత్సవము మాకు రుచింపలేదు. అప్పీలు కోర్టు ఒక మనుష్యుని విడిచినదే గాని, హత్యలు జరుగలేదని చెప్పలేదు. సేనాని దోషి కానిచో ఆ ముదుసళ్లను చంపినవారెవరు? బదులు చెప్పవలసిన భారము హేగుది కాదు, జాగ్రెబుది. వెడలిపోయిన సెర్బులలో పెక్కురు మరలి రానేలేదు.