ఊళ్లో ఇల్లు అమ్ముతున్నారా? ముందు సంతకాలు లెక్కపెట్టండి

నాన్న పోయి రెండేళ్లయింది. అమ్మ మన దగ్గరే ఉంటోంది. ఊళ్లో ఇంటికి తాళం. ‘మంచి బేరం వచ్చింది, అమ్మేద్దామా?’ అని ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్‌లో మెసేజ్. అందరూ ఓకే అనేస్తారు. అక్కడి నుంచి మాటలన్నీ రేటు గురించే. కానీ ముందు తేల్చాల్సింది వేరే ఉంది. ఈ ఇంటికి ఇప్పుడు ఓనర్లు ఎవరు?

నాన్న సొంత డబ్బుతో కొని, వీలునామా రాయకుండా పోతే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మకీ, కొడుకులకీ, కూతుళ్లకీ సమాన వాటా. చాలామంది మర్చిపోయే మనిషి నానమ్మ. ఆవిడ బతికుంటే ఆవిడకీ వాటా ఉంటుంది. అంటే అమ్మ, నానమ్మ, ఇద్దరు పిల్లలు ఉన్న ఇంట్లో నాలుగు సంతకాలు కావాలి. ముస్లిం, క్రైస్తవ కుటుంబాలకు ఈ లెక్క వేరు.

‘అక్కకి పెళ్లప్పుడే ఇచ్చేశాం కదా’ అంటారు. ఆ మాట చట్టం ముందు నిలబడదు. తాతల నాటి ఉమ్మడి ఆస్తిలోనూ అంతే. ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో తెచ్చిన చట్టంతో ఇక్కడ మొదలైన ఆడపిల్లల హక్కు, 2005లో దేశమంతటికీ వచ్చింది. అక్కకి నిజంగానే వద్దనుకుంటే హక్కు విడుదల పత్రం రాసి రిజిస్టర్ చేయించాలి. ఆమెని అడగకుండా అమ్మేస్తే ఆమె వాటా కొన్నవాళ్లకి చేరదు. రేపు ఆమె కోర్టుకి వెళ్తే వాళ్లు పట్టుకునేది మిమ్మల్నే.

వారసుల్లో మైనర్ ఉంటే, ఆ పిల్లాడి పేరిట వచ్చిన వాటా అమ్మడానికి తల్లి సంతకం ఒక్కటే చాలదు, కోర్టు అనుమతి తీసుకోవాలి.

పేర్లు తేలాక కాగితాల పని. డెత్ సర్టిఫికెట్, తహసీల్దార్ ఆఫీసు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, ఒరిజినల్ డాక్యుమెంట్లు, లింక్ డాక్యుమెంట్లు ఒక ఫైల్‌లో పెట్టండి. ఇంటి పన్ను రసీదులో పేరు మారితే ఓనర్ అయిపోయినట్టు కాదు. ఈసీ మీరే ముందు తీసి చూడండి. నాన్న ఎప్పుడో తీర్చేసిన లోన్ తాలూకు తనఖా అందులో ఇంకా కనిపిస్తోందా? బ్యాంకుతో మాట్లాడి దాని రద్దు రిజిస్టర్ చేయించండి.

అమెరికాలో ఉన్న అన్నయ్య రాలేకపోతే పవర్ ఆఫ్ అటార్నీ పంపొచ్చు. అక్కడి ఇండియన్ కాన్సులేట్‌లో ధ్రువీకరించి, ఇక్కడికి చేరిన 3 నెలల్లోపు జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో స్టాంప్ డ్యూటీ కట్టాలి. ఏ ఇల్లు, ఏ పని కోసమో అందులో స్పష్టంగా రాయించండి.

తర్వాత అగ్రిమెంట్. రేటు, గడువు, బేరం తప్పితే అడ్వాన్స్ సంగతేంటి, అన్నీ రాసుకోవాలి. అడ్వాన్స్ బ్యాంకు ద్వారానే తీసుకోండి. 20 వేలు, ఆపైన నగదుగా తీసుకుంటే అంతే మొత్తం పెనాల్టీ పడొచ్చు. అగ్రిమెంట్‌తో ఇల్లు చేతులు మారదు, సేల్ డీడ్ రిజిస్టర్ అయితేనే మారుతుంది.

ధర 50 లక్షలు, ఆపైన ఉంటే కొనేవాళ్లు 1 శాతం టీడీఎస్ కింద పట్టుకుంటారు. అది మీ పాన్‌లో చేరిందో లేదో చూసుకోండి. ఎన్నారై అన్నయ్య వాటాకి ఈ 1 శాతం వర్తించదు, కోత చాలా ఎక్కువ. తగ్గించమని ఆదాయపు పన్ను శాఖకి ముందే అప్లై చేసుకోవచ్చు. లాభం మీద పన్ను ఎవరి వాటాకి వాళ్లే కట్టాలి.

ఇంతా చేస్తే వీటిలో డబ్బుతో పని అయ్యేవి చాలా ఉన్నాయి, ఎవరినో పెట్టి చేయించుకోవచ్చు. అక్కకి, నానమ్మకి ఫోన్ చేసి ‘నీకూ వాటా ఉంది, ఏం చేద్దాం?’ అని అడగడం మాత్రం మీరే చేయాలి. బేరం కుదిరాక కాదు, ఇంటికి ‘అమ్మకానికి’ బోర్డు పెట్టకముందే.