వాలు నేల, నిటారు గోడ

పిల్లలూ! పెద్ద ఆస్పత్రులలో మెట్లు కాక ఏటవాలుగా పైకి పోయే దారి ఒకటి ఉంటుంది, చూశారు గదా? నడవలేని రోగిని చక్రాల మంచం మీద పడుకోబెట్టి దాని మీదుగా పై అంతస్తుకు తోసుకుపోతారు. దాన్ని ర్యాంపు అంటారు. ఈసారి అటు వెళ్ళినప్పుడు నేలను కాదు, ప్రక్కనున్న గోడను చూడండి. నేల వాలి ఉంది. మరి గోడ కూడా వాలిందా?

ఇంట్లోనే తెలుసుకోవచ్చు. పరీక్షలకు తీసుకుపోయే అట్ట తెచ్చి, ఒక చివర క్రింద రెండు పుస్తకాలు పెట్టండి. అదే మన వాలు నేల. ఇప్పుడు ఒక పోస్టుకార్డును వాలు పొడవునా నిలబెట్టండి. కార్డు పై అంచు మాత్రం బల్లతో సమంగా ఉండాలి. ఏమయింది? ఎత్తువైపు మూల అట్టకు ఆనింది. పల్లంవైపు మూల గాలిలో ఉంది. క్రింద మూడు మూలల సందు మిగిలింది.

"కార్డును కాస్త తిప్పితే సరి!" అంటారేమో. తిప్పండి. క్రింది అంచు చక్కగా ఆనుతుంది, కాని ప్రక్క అంచులు రెండూ ఒరిగిపోతాయి. తాపీ మేస్త్రి దీనికి ససేమిరా ఒప్పుకోడు. దారానికి గుండు కట్టి వేలాడదీసి, గోడ అంచు ఆ దారం వెంట నిటారుగా ఉన్నదా అని చూస్తాడు. రసమట్టం పెట్టి ఇటుకల వరసలు సమంగా ఉన్నాయా అని చూస్తాడు. నేల వాలితే అడుగు వరసలో ఇటుకలు కొట్టి సరిచేస్తాడేగాని, గోడను వంచడు.

మనమూ అదే చేద్దాం. కార్డును అట్ట ప్రక్క అంచుకు ఆనించి, పల్లంవైపు మూల నేలను తాకేదాకా క్రిందికి దించండి. అట్ట పైభాగం వెంబడి పెన్సిలుతో గీత గీసి, ఆ గీత మీద కత్తిరించండి. అంతే! క్రింది అంచు మాత్రమే వాలింది, గోడ నిటారుగానే ఉంది.

(అన్ని గోడలూ నిటారుగానే ఉండాలని లేదు సుమా! న్యూయార్కులో 1959లో తెరిచిన గుగ్గెన్‌హైమ్ మ్యూజియంలో నేల నత్తగుల్లలా చుట్లు తిరుగుతూ వాలుతుంది. గోడలు కూడా కావాలనే వెనక్కు వాలాయి. అక్కడ బొమ్మలు తగిలించడం ఎలాగని 1956లోనే 21 మంది చిత్రకారులు ఫిర్యాదు చేశారు.)

ఈనాడు ఇంజనీర్లు భవనాన్ని నేల మీద కట్టకముందే కంప్యూటరులో కట్టి చూస్తారు. ఇందుకు రెవిట్ వంటి సాఫ్టువేర్లున్నాయి. రెవిట్ 2000లో వచ్చింది. 2002లో ఆటోడెస్క్ కంపెనీ దాన్ని కొన్నది. ఇందులో గోడ అంటే ఉత్త గీత కాదు. దాని పొడవు, ఎత్తు, మందం, ఎంత కట్టుబడి పడుతుందో అన్నీ లెక్క ఉంటాయి. అయితే దానికొక అమాయకత్వం ఉంది. "ఈ మట్టం నుంచి ఆ మట్టం దాకా గోడ" అంటే అడుగు చదునుగానే కడుతుంది. నేల వాలిందా అని తొంగిచూడదు. గోడ నేలలోకి దిగిపోయినా బొమ్మ బాగానే కనిపిస్తుంది. అదే ప్రమాదం.

ఎంత ప్రమాదమో లెక్క వేద్దాం. ర్యాంపు పొడవు 6 మీటర్లు. ఆ చివరకు అర మీటరు ఎత్తు లేచింది. గోడను పల్లపు మట్టం నుంచి కట్టించారు. నేలలోకి దిగిపోయిన ముక్క త్రిభుజం: 6ను అరతో గుణించి సగం చేస్తే 1.5 చదరపు మీటర్లు. గోడ మందం 20 సెంటీమీటర్లు కనుక 0.3 ఘనపు మీటరు. ఘనపు మీటరుకు సుమారు 500 ఇటుకలు పడతాయి. అంటే 150 ఇటుకలు వృథాగా కొనిపిస్తుంది, ఒక్క గోడకే! ఎత్తు మట్టం నుంచి కట్టిస్తే అన్నే ఇటుకలు తక్కువపడతాయి. పని సగంలో ఆగుతుంది.

దీనికి రెండు ఉపాయాలున్నాయి. ఒకటి, మనం కార్డును కత్తిరించినట్టు గోడ అంచును చేత్తో గీసి మార్చడం. రెండోది, "ఈ గోడ అడుగును ఆ నేలకు అతికించు" అని చెప్పడం. చూడటానికి రెండూ ఒక్కటే. కాని ర్యాంపును మొదట 5 మీటర్లకే గీశారనుకోండి. అర మీటరు ఎత్తుకు అది చాలదు. చక్రాల కుర్చీకి 12 మీటర్ల పొడవుకు 1 మీటరు కంటె నిటారు పనికిరాదు; తోసేవారికి కష్టం, కూర్చున్నవారికి భయం. అందుకని 6 మీటర్లకు సాగదీశారు. అప్పుడు చేత్తో కత్తిరించిన గోడ పాత వాలులోనే ఉండిపోతుంది. అతికించిన గోడ అడుగు మాత్రం నేల ఎటు వాలితే అటు తానే సర్దుకుంటుంది. నా మటుకు నేను రెండోదే మేలంటాను.

ఇప్పుడు మీకొక లెక్క. ర్యాంపు పొడవు 12 మీటర్లు, చివర ఎత్తు 1 మీటరు, గోడ మందం అంతే. ఎన్ని ఇటుకలు వృథా? 300 అని తొందరపడి చెప్పకండి. జవాబు వచ్చే నెల.